ప్రార్థనలో పెట్టిన చీరల మూట

"ఆ చీరలు అయినకాడికి ఇయ్యాల్నే ఇచ్చెయ్. ఆమె మీదికొస్తది పాపం."

"రేపిస్త తియ్. నువ్వు ముందుగాల లోపటికి పో."

సహోదరులారా, సహోదరీలారా, నా భర్త అంజయ్యకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. సూరత్‌లో, ఉధ్నా ఆసుపత్రి గేటు ముందు ఆటో దిగి, మూతికి రుమాలు కట్టుకుని, ఊపిరి అందక గోడ పట్టుకుని నిలబడిన మనిషి తన సంగతి చెప్పలేదు, నా సంగతి అడగలేదు, పరాయివాళ్ల చీరల సంగతి చెప్పాడు! నేనేమన్నాను? దేవుడు నీకు తోడుంటాడని ఒక్క మాటైనా అన్నానా? రేపిస్తానన్నాను. చౌకీదారు ఆయన్ని లోపలికి పంపి గేటు వేశాడు, వెంట ఎవరూ రావద్దన్నాడు. కరోనా రెండోసారి వచ్చి మా డిండోలి గల్లీలో ఇల్లిల్లూ తిరిగిన రోజులవి. ఆ తర్వాత నేను ఆయన గొంతు వినలేదు. ఆయన్ని మాకు ఇచ్చినప్పుడు మొహం కూడా సరిగా చూడనివ్వలేదు.

నాకు చదువు రాదు, సంతకం వరకే. కోసాడ్‌లో ఉండే మా ఆడబిడ్డ కూతురు మమత ఇక్కడి కార్పొరేషన్ తెలుగు బడిలో చదువుకుంది, నేను చెబుతుంటే ఆ పిల్ల ఈ పత్రిక కోసం మీరు చదువుకునే తెలుగులో రాస్తోంది. దేవుని మేలు చెప్పుకునే సాక్ష్యమంటే కన్నీళ్లతో చెప్పాలని మన సంఘంలో అలవాటు. కన్నీళ్లు నా దగ్గర ఎప్పుడో అయిపోయాయి. నేను కోపంతోనే చెబుతున్నాను, క్షమించండి. క్షమించకపోయినా సరే, చివరిదాకా చదవండి!

మా ఆయన పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు నడిపేవాడు, నేను ఇంట్లో కూర్చుని చీరల దారాలు కత్తిరించేదాన్ని. మిషన్ మీద పువ్వులు కుట్టిన చీరలు మీరూ కట్టుకుంటారు కదా అక్కలారా, ముందువైపు చూసి మురిసిపోతారు. మిషన్ మీద నుంచి దిగిన చీరను వెనక్కి తిప్పితే పువ్వు నుంచి పువ్వుకు దారాలు గడ్డిలాగా వేలాడుతుంటాయి, వాటిని చిన్న కత్తెరతో బట్టకు తగలకుండా మొదలంటా కోయాలి. మా గల్లీ ఆడవాళ్లందరికీ ఆ పని తెచ్చి ఇచ్చేది సవితాబెన్ అనే గుజరాతీ ఆమె. సేటు దగ్గర పూచీ ఆమెది. చీర తక్కువైనా, చీర చిరిగినా సేటు తిట్టేది ఆమెను. మా ఆయన జాలిపడింది ఈ సవితాబెన్ గురించే. మాకు పిల్లలు లేరు. ఆయన పోయాక ఇంట్లో నేనూ, మా అత్తమ్మ నర్సమ్మా, ఇద్దరమే మిగిలాం, సవితాబెన్ ఇచ్చే పని తప్ప ఈ సూరత్‌లో మాకు ఇంకో ఆధారం లేదు. అది పోతే కోసాడ్‌లో ఆడబిడ్డ ఒంటి గదిలో ఆమె సంసారం మధ్య పడి ఉండాలి. అలాంటప్పుడు ఆ మూటను నేను ఎంత తొందరగా ముగించాలి, చెప్పండి!

మంచం కిందికి తోసేశాను.

అప్పుడు ఊరంతా బంద్, మార్కెట్ బంద్, అడిగేవాళ్లు లేరు, నాకు మంచి సాకు దొరికింది. మార్కెట్ తెరిచాక చూద్దామనుకున్నాను. తెరిచారు. ఆదివారం పోనీ అన్నాను. పోయింది. వాన వెలియనీ, తీసుకుపోయేటప్పుడు చీరలు తడుస్తాయి అన్నాను. వాన వెలిసింది, అప్పుడు తలనొప్పి వచ్చింది! మూట విప్పాలని కిందికి వంగితే చాలు, రేపిస్త తియ్ అన్న నా గొంతు నాకే వినబడి చేతులు బిగుసుకుపోయేవి. లోపల ఇంకో మాట ఉండేది, ఇవాళ ధైర్యంగా చెబుతాను. ఆ చీరలు ఇవ్వనంతవరకు మా ఇద్దరి మాట తెగలేదు. ఆయన ఒకటి చెప్పాడు, నేను చేస్తానన్నాను, ఇంకా చేయలేదు, కాబట్టి ఆయన నన్ను ఇంకా అడగాల్సి ఉంది. ఇచ్చేస్తే ఇక అడగడానికి ఆయనకేం మిగులుతుంది? ఇంత పిచ్చి ఎక్కడైనా ఉంటుందా అంటారేమో. ఉంటుంది! మొగుడు పోయిన ఆడదాన్ని అడగండి!

ఆ రోగం మూటతో ఆగలేదు. తల దువ్వుకోవడం రేపు, ఆయన చొక్కాలు ఉతకడం రేపు, అత్తమ్మ కళ్లలో వేసే చుక్కల మందు తేవడం రేపు. అత్తమ్మ నన్ను ఒకే ఒక్క మాట అడిగేది, "నా కొడుకు ఆఖరుకు ఏమన్నడే భాగ్యా? నా పేరు తీసిండా?" దానికీ నేను, "రేపు చెప్త అత్తా, ఇప్పుడు నన్ను సతాయించకు" అనేదాన్ని. కన్నతల్లికి కొడుకు ఆఖరి మాట కూడా రేపే! చూశారా, సైతాను ఎంత చిన్న మాటలో దాక్కుంటాడో!

ఇప్పుడు మీకు కోపం వచ్చే సంగతి చెబుతాను. ఆ రోజుల్లో మన మందిరం మూసేశారు కదా, ఫోనులోనే అందరం కలిసి ప్రార్థన చేసేవాళ్లం, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. మొదట్లో ఆ ఫోను నాకు నిజంగా ప్రాణం పోసింది, ఆ మేలు మరువను. తర్వాత తర్వాత నేను ఒక కిటుకు కనిపెట్టాను. ప్రార్థనలో ఉన్న మనిషికి ఎవరూ పని చెప్పరు! పొద్దున ఫోను పట్టుకుంటే మధ్యాహ్నం దాకా దించేదాన్ని కాదు. ఎవరి కడుపునొప్పి కోసమైనా, ఎవరి బావమరిది ఉద్యోగం కోసమైనా, భాగ్య ప్రార్థన చేస్తుంది, దీర్ఘంగా చేస్తుంది, ఏడుస్తూ చేస్తుంది. "సిస్టర్ భాగ్య మంచి ప్రార్థనాపరురాలు, శ్రమలో కూడా ప్రభువును వదల్లేదు" అని అందరూ మెచ్చుకునేవాళ్లు. చీరల పని అలాగే ఉందని ఒకసారి చెప్పుకుంటే, "తొందరపడకండి సిస్టర్, దేవుని సమయం కోసం కనిపెట్టుకొని ఉండండి, మేమూ ప్రార్థనలో పెడతాం" అన్నారు. పెట్టారు! సహోదరులారా, కత్తెర పట్టి కోయాల్సిన దారాన్ని సంఘమంతా కలిసి ప్రార్థనలో పెట్టింది! అందులో ఒక్కరైనా, "అమ్మా, ఆ కత్తెర ఎక్కడుంది, ముందు చేతిలోకి తీసుకో" అన్నారా? వాళ్లను అనడం ఎందుకు, నాకు కావలసిన మాటే వాళ్లు చెప్పారు, నేను తీపిగా మింగాను.

మార్కెట్ తెరిచాక గల్లీలో అందరూ మూటలు తిరిగిచ్చేశారు, నాది మాత్రం పోలేదు. సవితాబెన్ ఒకసారి మెట్ల కింద నిలబడి పిలిచింది, నేను ప్రార్థనలో ఉన్నానని వేలెత్తి చూపించాను. ఇంకోసారి గుమ్మం దాకా వచ్చింది, అప్పుడూ వేలే చూపించాను. మూడోసారి ఆమె చెప్పులతోనే లోపలికి వచ్చింది, కొంగుతో మూతి కప్పుకుని గట్టిగా అరిచింది, "సేట్ మేరేకో చోర్ బోలా, భాగ్యా! మై చోర్?" సేటు తనను దొంగ అన్నాడని, ముసలితనంలో ఆ మాట పడాల్సి వచ్చిందని, సోమవారం నాటికి చీరలు అందకపోతే తనకూ పని బంద్, నాకూ బంద్, ఈ గల్లీలో ఎవరూ నాకు ముక్క గుడ్డ కూడా ఇవ్వకుండా చూస్తానని చెప్పి వెళ్లిపోయింది. అప్పుడైనా లేచానా? సాయంత్రం ఫోను ప్రార్థనలో ఆ విషయమే ప్రార్థన మనవిగా చెప్పాను!

ఆ ప్రార్థన నాకు ఇంకా నోటికి వస్తుంది. "ప్రభువా, నీ దాసురాలికి మార్గము తెరువుము, విరోధుల నోళ్లు మూయుము, నా చేతుల కష్టార్జితమును ఆశీర్వదించుము తండ్రీ..." అంటున్నాను, అందరూ ఆమెన్ ఆమెన్ అంటున్నారు, ఇంతలో వెనక నుంచి మా అత్తమ్మ గొంతు!

"ఏ చేతులే? ఏ కష్టమే? పొద్దుగాలసంది ఆ చేతిల ఫోనే ఉన్నది గదనే! నీ దేవుడు దిగొచ్చి దారాలు కోస్తడా? ఆయనకు కత్తెర నువ్విస్తవా, నన్నియ్యమంటవా?"

ఫోనులో అంతా విన్నారు. అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. మా అత్తమ్మ విశ్వాసి కాదు, ఆమె దేవుళ్లు ఆమెకున్నారు, ఊళ్లో చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టి బతికిన మనిషి, నోటికి అడ్డు లేదు. ఒక సహోదరి, "సాతాను ఆటంకపరుస్తున్నాడు సిస్టర్, గద్దించండి!" అంది. నేను గద్దించడానికి తిరిగాను కూడా. కొడుకును పోగొట్టుకున్న ముసలితల్లిని సాతానూ అని పిలవడానికి నోరు తెరిచాను!

తిరిగి చూస్తే ఆమె మంచం కింది నుంచి మూట లాగి, కిటికీ దగ్గర ఒళ్లో చీర పరుచుకుని కూర్చుంది, చేతిలో నా కత్తెర. కళ్లు కనిపించక చీరను మొహానికి ఆనించుకుని కోస్తోంది. నేను తేని చుక్కల మందు! ఒక పువ్వు దగ్గర దారంతో పాటు బట్ట కూడా తెగింది, వేలు దూరేంత చిల్లు పడింది. ఆమె దాన్ని చేత్తో కప్పి పెట్టింది, చిన్నపిల్ల కప్పినట్టు.

ఫోను పెట్టేశాను. అప్పుడు నాకు వచ్చిన కోపం మీకు ఎలా చెప్పను! అత్తమ్మ మీద కాదు, సవితాబెన్ మీద కాదు, తిన్నగా దేవుని మీద వచ్చింది. అరిచి ప్రార్థన చేశాను, ఆ గల్లీ అంతా విన్నది, విననీ అనుకున్నాను. "ప్రభువా! నేను రేపు అన్నానే, మరి నువ్వెందుకు అనలేదు? ఆయన్ని తీసుకుపోయే రోజు ఈ ఒక్కసారికి రేపు చూద్దామని నువ్వెందుకు అనలేదు? నన్ను మాత్రం కనిపెట్టుకొని ఎదురుచూడమంటావా? ఇంకెన్నాళ్లు కనిపెట్టాలి? నాకు ఓదార్పు వద్దు, దర్శనం వద్దు, మార్గం తెరవొద్దు! ఈ చెయ్యి లేవడం లేదు, చూడు! ఈ ఒక్క దారం తెంచే బలం ఇయ్యి, చాలు, ఇంకేం అడగను, పో!"

దేవునితో పో అన్నాను, సహోదరులారా. పాపమే కావచ్చు. అయితే ఆయన పోలేదు!

ఏ స్వరమూ రాలేదు, ఏ వెలుగూ కనబడలేదు. నా చెయ్యి లేచింది, అంతే. అత్తమ్మ చేతిలో నుంచి కత్తెర తీసుకున్నాను, ఒక దారం కోశాను. ఇంకొకటి అడగనని మాట ఇచ్చాను కాబట్టి అక్కడే కూర్చున్నాను. చెయ్యి దానంతట అదే పక్క దారం మీదికి పోయింది. కోస్తూ దేవునితో పోట్లాడుతూనే ఉన్నాను, ఒక దారానికి ఒక మాట, ఒక దారానికి ఒక మాట, అన్నాళ్లు ఫోనులో చేసిన దీర్ఘ ప్రార్థనలన్నిటికంటే ఆ పోట్లాటే ప్రార్థన అని ఇప్పటికీ నమ్ముతాను.

అప్పుడు అత్తమ్మతో చెప్పాను. తల ఎత్తకుండా, కోస్తూనే చెప్పాను.

"నీ కొడుకు ఈ చీరలు ఇచ్చెయ్యమన్నడు అత్తా. ఆఖరుకు గదే అన్నడు. నీ పేరు తియ్యలే, నా పేరు తియ్యలే."

ఆమె ఒళ్లోని చీరను చేత్తో తడిమింది. కొట్టుకుని ఏడుస్తుందనుకున్నాను. "చీరలియ్యమన్నడా?" అంది. "నా కొడుకే! గట్లనే అంటడు వాడు. తనకేమన్న గావాల్నని ఎన్నడన్న అడిగిండా?" అని, కొంగుతో ముక్కు తుడుచుకుని, "మరి ఇన్నొద్దుల నుంచి కడుపుల పెట్టుకొని కూసున్నవానే దొంగముండా! గా మాటకోసం నేను సస్తుంటిని గదనే!" అని నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ దెబ్బ నాకు ఎంత హాయిగా ఉందో! తర్వాత చీర రెండో కొస తన కాలి కింద పెట్టి, బట్టను బిగించి పట్టుకుంది, నేను కోశాను. ఆమె పట్టుకోవడం, నేను కోయడం, సోమవారం దాకా అదే పని. ఫోను మోగింది. మోగనిచ్చాం.

సోమవారం పొద్దున మూట నెత్తిన పెట్టుకుని నేనే సవితాబెన్ ఇంటికి పోయాను. చిల్లు పడిన చీర అన్నిటికంటే పైన పెట్టాను, దాన్ని కింద దాచితే మళ్లీ రేపటికి వాయిదా వేసినట్టే అవుతుందని. ఆమె ఆ చిల్లులో వేలు పెట్టి చూసి, "వాహ్ భాగ్యాబెన్, ఇన్ని రోజులు ఉంచుకుని, పైగా కిటికీ కూడా పెట్టి తెచ్చావా!" అని హిందీలో దులిపేసింది, పక్కింటి వాళ్లు కూడా వచ్చి చూశారు. తల వంచుకుని పడ్డాను. నోరు నొప్పిపుట్టేదాకా తిట్టి, గుక్కెడు నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడడిగింది, "అంజయ్యభాయ్ జాతే వక్త్ కుఛ్ బోలే?" పోయేముందు మా ఆయన ఏమైనా అన్నాడా అని. నీ గురించే అన్నాడని చెప్పాను. నీ మీదికి రాకూడదని, చీరలు ఇవాళే ఇచ్చెయ్యమని అన్నాడని చెప్పాను. ఆమె ఇంక తిట్టలేదు. చిల్లు దగ్గర ఒక పువ్వు అతికించి కుట్టిస్తానని ఆ చీర పక్కకు తీసింది.

ఆ వెంటనే దేవుడు నా ఇంటిని పనులతో నింపేశాడని చెబితే మీరు హల్లెలూయా అంటారని నాకు తెలుసు. అలా జరగలేదు. ఆ సేటు నాకు మళ్లీ పని ఇవ్వొద్దన్నాడు, ఇవ్వలేదు. సవితాబెన్ వేరే చోటి నుంచి చిన్న పని తెచ్చేది, పొద్దున తన చేత్తో ఇచ్చి, సాయంత్రం తనే వచ్చి తీసుకుపోయేది, రాత్రి ఒక్క గుడ్డ కూడా నా ఇంట్లో ఉండనిచ్చేది కాదు. నమ్మకం పోయిందని మొదట్లో నాకు రోషం వచ్చింది. తర్వాత తెలిసింది, సహోదరీలారా, నా రోగానికి అదే మందు! ఉంచుకోవడానికి మూట లేకపోతే రేపు అనడానికి నాకు చోటెక్కడిది? సాయంత్రం ఆమె చెప్పుల చప్పుడు మెట్ల మీద వినబడేసరికి పని మడత పెట్టి ఉండాలి. అలా అలా చెయ్యి దారికి వచ్చింది. ఇప్పుడు మోకాళ్ల నొప్పితో మెట్లు ఎక్కలేకపోతున్నానని ఆమె గల్లీలో మా వైపు ఇళ్లకు మూటలు పంచే పని నాకే అప్పగించింది, అత్తమ్మా నేనూ కోసాడ్ పోలేదు, మా గదిలోనే మా కష్టం తింటున్నాం. దేవునికే మహిమ! అత్తమ్మ కళ్లకు మందు పడుతోంది, ఇంకా నా దేవుణ్ని ఎగతాళి చేస్తూనే ఉంది, నేను ఫోను గూట్లో పెట్టి, కత్తెర చేతిలో పట్టుకుని ఆమెన్ అంటుంటే, "ఇప్పుడు జర మంచిగున్నది నీ బత్తి" అంటుంది.

ఈ సాక్ష్యం పత్రికకు పంపుతానంటే ఒకరిద్దరు మంచి మాట చెప్పారు. అత్తమ్మ తిట్లు తీసెయ్యమన్నారు, దేవునితో పో అన్నది అసలే రాయొద్దన్నారు, ఆ బదులు కలలో ప్రభువు కనబడినట్టు చెబితే వినేవాళ్లకు విశ్వాసం బలపడుతుందన్నారు. కనబడని ప్రభువును కనబడ్డాడని ఎలా చెప్పను? మా ఇంట్లో ఆయన ముసలమ్మ నోటితో మాట్లాడాడు, గుజరాతీ ఆమె చెప్పుల చప్పుడుతో వచ్చాడు, నేను అలాగే చెబుతాను!

నేను ప్రార్థనను తక్కువ చేయడం లేదు, ఆ ప్రార్థనే లేకపోతే నా చెయ్యి ఇవాళ్టికీ లేచేది కాదు. నా కోపం వేరే. ఈ పత్రిక చేతిలో పట్టుకున్న మీ ఇంట్లో కూడా మంచం కింద ఏదో ఒకటి ఉంది. కాదనకండి, ఉంది! చూడడానికి పోవాల్సిన రోగి ఉంటాడు, క్షమించమని అడగాల్సిన తోడికోడలు ఉంటుంది, మొదలుపెట్టి వదిలేసిన పని ఉంటుంది. దాన్ని ప్రార్థనలో పెట్టాం, దేవుని సమయం రావాలి అని చెప్పుకుంటూ హాయిగా నిద్రపోతున్నారు. దేవుని సమయం ఎప్పుడో వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉంది, మీరు వేలెత్తి చూపించి ఆగమంటున్నారు! అయ్యలారా, అమ్మలారా, మంచి మాటలు వెతుక్కోకండి, కోపంగా ఉంటే కోపంగానే అడగండి, అరవండి, ఆయన తట్టుకుంటాడు. అంతా చేయించమని అడగకండి. ఒక్క దారానికి బలం అడగండి. అడిగి, ఆమెన్ అనకముందే చెయ్యి చాపండి. నా వంటి మొండిదాని చెయ్యి పట్టుకుని లేపినవాడు మీ చెయ్యి వదలడు, ఆయన్ని నమ్మండి! విడిపించిన తండ్రికి స్తోత్రం, పోరు పెట్టిన మా అత్తమ్మను ఇచ్చినందుకు స్తోత్రం, తన సంగతి మరిచి ఇంకొకరి సంగతి చెప్పి పోయిన నా భర్తను ఇన్నేళ్లు నాతో ఉంచినందుకు స్తోత్రం.

అంతే, మమతా. ఇగ రాసుడు ఆపి మొదటికెళ్లి సదువు బిడ్డా, నేనింట. ఏడ్సుకుంట సదవకు, గట్టిగ సదువు.